క్లచ్ వదలండి

"బండి దానంతటది ఆగడం లేదు. నువ్వు ఆపేస్తున్నావు," అన్నాడు మోహన్‌కృష్ణ, పెసరట్టులోని ఉల్లిపాయ ముక్కల్ని వేలితో పక్కకి తోస్తూ.

ప్రసన్న పెనం మీద రెండో అట్టు తిప్పుతోంది. ఉల్లిపాయ ఏరేసే మనిషికి ఉల్లి పెసరట్టు ఎందుకు వెయ్యడమంటే, వెయ్యకపోతే చప్పగా ఉందంటాడు. పదిహేనేళ్లుగా ఆమె తరుగుతోంది, అతను ఏరుతున్నాడు. ఏరిన ముక్కలన్నీ పోగేసి ఉంటే ఈపాటికి సంతలో ఒక దుకాణం పెట్టుకోవచ్చని ఆమెకి అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

"నిన్న మల్లీ ఆగిపోనాదిరా," అంది హాల్లోంచి అత్తగారు రత్నాలు. "ఇస్కూలు మలుపులో. ఎనకాల లారీవోడు ఒకటే హారను. నాకు గుండె జారిపోనాది."

"విన్నావా? అమ్మ కూడా అదే అంటోంది."

అత్తగారు అన్నది బండి ఆగిపోయిందని. ప్రసన్న ఆపేసిందని కాదు. ఆ తేడా ప్రసన్నకి తెలిసింది. అట్టు తీసుకొచ్చి కంచంలో వేసింది.

"ఒకటో తారీఖు నుంచి వారానికి ఆరు రోజులు కొండెక్కి ఆ కాఫీ సొసైటీకి వెళ్తానంటున్నావు. స్కూలు మలుపే తిప్పలేనిదానివి, ఆ దారిలో హెయిర్‌పిన్ మలుపులు ఎన్నున్నాయో తెలుసా?"

"నాలుగు," అంది ప్రసన్న.

అతను జవాబు కోసం అడగలేదు. అందుకే చట్నీ అందుకుని, "క్లచ్ పూర్తిగా తొక్కడం నేర్చుకో ముందు. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

ఆ తర్వాత అనేది లేదు. సోమవారంలోగా ఏ సంగతో చెప్పమంది సొసైటీ మేనేజరు కృపావతి. చెప్పకపోతే అనకాపల్లి నుంచి ఇంకొకర్ని పిలుస్తారు. డుంబ్రిగుడ దాటాక ఎనిమిది కిలోమీటర్లు కొండ మీదుంది ఆ సొసైటీ. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాఫీ గింజలు అక్కడికే తెస్తారు. కిందటేడు ప్రసన్న అక్కడ కాఫీ పొడి కొని, వారం తర్వాత మళ్లీ వెళ్లి, "ఈ సంచిలో గింజలు పొయ్యి దగ్గర ఆరబెట్టారు, పొగ వాసనుంది," అని చెప్పింది. కృపావతి ఆమెని ఎగాదిగా చూసి లోపలికెళ్లి కనుక్కుంది. ముసురు పట్టిన రోజుల్లో ఒక రైతు వాళ్ల వంటింట్లో అటక మీద ఆరబెట్టాడట. "ఈ ముక్కు ఇంట్లో పప్పు మాడిందో లేదో చూసుకోడానికే వాడతన్నారా మీరు?" అంది కృపావతి. ఆ మాటతో మొదలైంది. సంత రోజుల్లో ఆమె జీపులో వెళ్తుంటే, గింజల తేమ కొలవడం, రుచి చూసి రాయడం మూడు నెలలు నేర్పించారు. ఇప్పుడు పంట దిగే రోజులు, మనిషి కావాలి. కొండ మీదికి బస్సు లేదు. సంత రోజున మాత్రం షేర్ జీపులు తిరుగుతాయి. అంటే కారు ఉంటేనే ఉద్యోగం. కారు ఆగిపోతోంది. ఆగిపోవడానికి కారణం ఆమె అని ఇంట్లో తీర్మానమైపోయింది.

కారు వెండి రంగు సెడాన్. వయసు పధ్నాలుగేళ్లు, పాప కన్నా రెండేళ్లు పెద్దది. ప్రసన్న డ్రైవింగ్ నేర్చుకున్నది సరదాకి కాదు. ఐదేళ్ల కిందట మోహన్‌కృష్ణకి మెడ నొప్పి వచ్చి ఆరు నెలలు బండి నడపొద్దన్నారు డాక్టర్లు. "ఆరు నెలలేగా, నువ్వు నేర్చుకో," అన్నాడు. మెడ నొప్పి తగ్గింది గానీ బండి ఆమె దగ్గరే ఉండిపోయింది. పాపని మట్టి దిబ్బ మీది స్కూల్లో దింపడం, అత్తగారిని మోకాళ్ల వ్యాయామానికి తీసుకెళ్లడం, గ్యాసు, కూరలు, అతని తరఫు చుట్టాలొస్తే గుహలు, జలపాతాలు చూపించడం. "డ్రైవర్ని పెట్టుకోలేదండీ, మా ఆవిడుందిగా," అంటాడు నవ్వుతూ. అయితే ఎవరైనా గమనించే చోట మాత్రం స్టీరింగ్ అతనిదే. రోజూ తొమ్మిదిన్నరకి ఇంటి నుంచి ఆఫీసు దాకా అతను నడుపుతాడు, ఆమె పక్కన కూర్చుంటుంది. ఆఫీసు గేటు ముందు ఇంజను ఆపకుండా దిగి, వాచ్‌మన్ నమస్కారం అందుకుని లోపలికెళ్తాడు. ఆమె చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ బండి చుట్టూ తిరిగొచ్చి ఇటు కూర్చుంటుంది. "నా చేతిలో ఒక్కసారి ఆగలేదు," అని అతను అనడం అబద్ధం కాదు. ఇంటి నుంచి ఆఫీసుకి రెండు కిలోమీటర్లు. గీత గీసినట్టు ఉంటుంది రోడ్డు.

తప్పు బండిలోనే ఉందేమోనని ఆమెకి మొదట తట్టింది ముగ్గు దగ్గర. రోజూ పొద్దున్నే గేటు ముందు కడిగి ముగ్గు వేస్తుంది. బండి బయటికి తీసి పాప కోసం ఆగే చోట, కుడి చక్రం ఉండే దగ్గర, తెల్లటి ముగ్గు మీద కుంకుమ బొట్టంత ఎర్రటి నూనె చుక్క కనిపించింది. మర్నాడు ఇంకోటి. మోహన్‌కృష్ణకి చూపిస్తే, "పాత బండి, ఎక్కడో ఓ చుక్క కారకుండా ఉంటుందా?" అన్నాడు. అప్పటికే నాలుగు ఆదివారాలు అతను బండిని మెకానిక్ గాసి షెడ్డుకి తీసుకెళ్లి వచ్చాడు. కంప్లయింటేమీ లేదన్నాడట గాసి. నాలుగోసారి క్లచ్ ప్లేట్లు కొత్తవి వేయించాడు. అయినా ఆగుతోంది. "కొత్త ప్లేట్లతో కూడా ఆపుతున్నావంటే ఇక నేనేం చెయ్యను?" అన్నాడు.

విజయనగరంలో బీఎస్సీ చదివేటప్పుడు కెమిస్ట్రీ లాబులో కనకవల్లి మేడమ్ ఉండేవారు. గాజు గొట్టంలో తెల్లటి పొడి ఏదో ఇచ్చి, అదేమిటో కనుక్కోమనేవారు. రికార్డులో మూడు గడులు: ప్రయోగం, పరిశీలన, అనుమితి. కొంతమంది పక్కవాళ్లని అడిగి మూడో గడి ముందే నింపేసి, తర్వాత మిగతా రెండూ దానికి సరిపోయేట్టు రాసేవాళ్లు. మేడమ్ అలాంటి పేజీ ఒక్క చూపులో పట్టేసి, చింపి చేతిలో పెట్టేవారు. "కళ్లు చూసింది రాయండమ్మా ముందు. అది ఏమిటో అదే చెప్తుంది." ఆ లాబులో ప్రసన్నకి ఎప్పుడూ పేజీ చిరగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఉదయం, ముగ్గు చిప్ప చేతిలో పట్టుకుని ఆ ఎర్రటి చుక్క కేసి చూస్తూ ఆమె అనుకుంది, ఈ ఇంట్లో మూడో గడి ముందే నింపేశారు అని. అందులో తన పేరు రాశారు.

ఆ రోజు నుంచి బండి ఆగినప్పుడల్లా వంటింటి కేలండర్లో ఆ తేదీ మీద చిన్న సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టింది. పాలు రాని రోజుకి అడ్డగీత, గ్యాసు మార్చిన రోజుకి 'గ్యా', ఇప్పుడు ఈ సున్నాలు. ఎక్కడ, ఎలా ఆగిందన్నది పాత నెల కాగితం వెనక మూడు గడులు గీసి రాసుకుంది. చల్లటి ఇంజనుతో ఎప్పుడూ ఆగలేదు. తిన్నటి రోడ్డు మీద ఆగలేదు. వేగంగా పోయేటప్పుడు ఆగలేదు. ఇరవై నిమిషాలు నడిచి వేడెక్కాక, నెమ్మదిగా, చక్రాలు పూర్తిగా తిప్పినప్పుడే ఆగింది. మంచుకి అద్దం మసకబారి ఏసీ వేస్తే ఇంకా త్వరగా ఆగింది. ఆగాక స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. అనుమితి గడి ఖాళీగా ఉంచింది.

ఇదిలా ఉండగా ఇంట్లో ఒక వింత జరుగుతోంది. మోకాళ్ల నొప్పులని రెండేళ్లుగా వంటింటి గడప తొక్కని రత్నాలు, సంత నుంచి అరటిపువ్వు తెప్పించుకుంటోంది. చేతులకి నూనె రాసుకుని, పాత పేపరు పరుచుకుని, ఒక్కో పువ్వులోంచి గట్టి కాడ లాగేసి, మజ్జిగలో నానేసి, ఆవ పెట్టి కూర చేస్తోంది. చేసి, "తిను, ఇంకాస్త యేసుకో," అని ప్రసన్న కంచంలోనే ఎక్కువ వడ్డిస్తోంది. మూడు వారాల్లో ఐదుసార్లు. పెళ్లయ్యాక అత్తగారి చేతి వంట ఇన్నిసార్లు ప్రసన్న ఎప్పుడూ తినలేదు. అడిగితే, "ఏదో, తినాలనిపించినాది," అని మొహం తిప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం మోహన్‌కృష్ణ చెప్పుల స్టాండు దగ్గర నిలబడి గొంతు తగ్గించి అన్నాడు: "ఉద్యోగం సంగతి ఇక వదిలెయ్. నీకు ఒంట్లో బాగోలేదటగా. అమ్మ చెప్పింది. నాకు చెప్పొచ్చు కదా."

"నాకేం బాగోలేదు?"

అతను ఇబ్బందిగా, "అదే... మీ ఆడవాళ్ల సంగతి," అని స్నానానికి వెళ్లిపోయాడు.

ప్రసన్న తిన్నగా అత్తగారి గదికి వెళ్లింది. రత్నాలు తలుపు దగ్గరికి వెయ్యమని సైగ చేసి మంచం మీద పక్కన చోటు చూపించింది.

"నా కాడ ఏటీ దాసీకే పెసన్నా. నా కళ్లకి సత్వారం ఉన్నా సున్నాలు కనిపిత్తాయి. నెల్లో తొమ్మిదిసార్లు బయటుంటే ఒంట్లో రగతమేటి మిగులుద్దే? అందుకే గదా అరిటిపువ్వు పెడతన్నాను. అలాటి మనిసివి కొండలెక్కి ఉజ్జోగాలేటి?"

ప్రసన్నకి ఒక క్షణం పట్టింది. తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"అత్తయ్యా, ఆ సున్నాలు నావి కావు. కారువి."

"కారుకేటే?"

"బండి ఆగిన రోజులు. లెక్క తెలియాలని గుర్తు పెట్టుకున్నాను."

రత్నాలు తన రెండు చేతులూ చూసుకుంది. వేళ్ల చివర అరటి కర ఇంకా నల్లగా ఉంది. "ఐదు పువ్వులే! నడుం పడిపోనాది. ఆ కారుకి పెట్టినా పోయేది," అంది. ఇద్దరూ నవ్వారు. పదిహేనేళ్లలో ఇద్దరూ కలిసి ఒకే సంగతికి నవ్వడం ఎన్నోసారో ప్రసన్నకి గుర్తు రాలేదు.

నవ్వు తగ్గాక రత్నాలు మోకాలు రుద్దుకుంటూ అంది: "అయితే ఒకటి సెప్తాను. ఆ దినాలన్నీ ముందు సీట్లో కూకున్నది నానే గదా. నువ్వు తిప్పేటప్పుడు బండి మూలుగుతాది. పాలకోసం పిల్లి మూలిగినట్టు. మూలిగినాకే ఆగుతాది. ఆగినాక మూలగదు."

ప్రసన్న కూర్చున్నచోట నిటారుగా అయింది. ఆ మూలుగు తనకీ వినిపించేది. కానీ ముందా వెనకా అన్నది ఆమె చెయ్యీ కాలూ గేరూ చూసుకునే హడావిడిలో తేల్చుకోలేకపోయింది. ఏ పనీ లేకుండా పక్క సీట్లో కూర్చున్న మనిషి చెవి తేల్చింది. కాగితం తెచ్చి అక్కడే మంచం మీద రాసుకుంది. మూలుగు ముందు, ఆగడం తర్వాత.

శనివారం పొద్దున్న పాపని దింపి, కావాలనే పదిహేను కిలోమీటర్లు తిరిగి, ఇంజను బాగా వేడెక్కాక గాసి షెడ్డుకి వెళ్లింది. గాసి నలభై ఐదేళ్ల మనిషి, పాడేరు రోడ్డులో రేకుల షెడ్డు. ఘాట్ రోడ్ల మీద తిరిగే జీపులన్నీ అతని చేతి మీదే బతుకుతున్నాయి. కాగితం రెండుసార్లు చదివాడు. చదువుతూ పెదాలు కదిపాడు.

"ఇది మీరే రాసేరా మేడమ్?"

"నేనే."

"సారు నాలుగుసార్లు తెచ్చేరు. ఆరింటికి తెత్తారు, ఇంజను ఐసుముక్కలా ఉంటాది. రోడ్డు మీద అటూ ఇటూ తిన్నగా తోలితే ఏటి తెలుస్తాది? 'మా మిసెస్‌కి క్లచ్ రాదు, ప్లేట్లు అరిగిపోయుంటాయి, మార్చీ' అన్నారు. విప్పితే ప్లేట్లు బాగున్నాయి. బాగున్నాయి సార్ అన్నాను. అయినా మార్చీమన్నారు. మార్చీసేను." కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి, మళ్లీ ఆమెకిచ్చేశాడు. "మంచి ప్లేట్లు మేడమ్. వేరే జీపుకి ఏసేను, ఇంకా తిరుగుతన్నాయి."

ఆమెని నడపమని తను పక్కన కూర్చున్నాడు. షెడ్డు ముందు ఖాళీ స్థలంలో చక్రాలు పూర్తిగా తిప్పమన్నాడు. బండి మూలిగింది, వణికింది, ఆగిపోయింది. గాసి తొడ మీద చరుచుకున్నాడు. బానెట్ ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, ఎర్రటి నూనె అంటిన వేలు బయటికి తీశాడు.

"రెండు రోగాలు మేడమ్, ఒకే చోట కలుసుకుంటన్నాయి. స్టీరింగుకి సాయం చేసే పంపు అరిగిపోనాది, నూనె కారిపోతంది. పూర్తిగా తిప్పితే ఆ బరువంతా ఇంజను మీద పడతాది. ఇంజను గాలి పీల్చుకునే దారేమో మసి పట్టేసి మూసుకుపోనాది. వేడి మీదుంటే ఊపిరాడదు. బరువెక్కువ, ఊపిరి తక్కువ. ఇంకేటి చేస్తాది, ఆగిపోతాది. ఆగితే పంపు తిరగదు, స్టీరింగు బిగిసిపోతాది."

"నా క్లచ్?"

"మీ క్లచ్‌కేటి? నా కన్నా బాగా తొక్కుతన్నారు."

ఆ ఒక్క మాట వినడానికి రెండు నెలలు పట్టింది. సంతోషించాల్సింది. కానీ ఆమె ఆలోచన ఎటో పోయింది. బరువెక్కువ, ఊపిరి తక్కువ అని తన గురించి కూడా ఎవరైనా బానెట్ ఎత్తి చూసి చెప్పి ఉంటే బాగుండేదని అనుకుని, ఆ ఆలోచన మరీ జాలిగా ఉందని తనే పక్కన పెట్టేసింది. జాలి పడే తీరిక లేదు, సోమవారం దగ్గరకొచ్చింది.

"ఎప్పుడు బాగుచేస్తారు?"

"మసి రేపే తీసేస్తాను. పంపు విశాపట్నం నుంచి రావాలి, నాలుగు రోజులు." గాసి చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ నేల చూశాడు. "సార్ని ఒక మాట అడిగి ఫోన్ చేయించండి. బండి సార్ పేరు మీదున్నాది గదా. అప్పటిదాకా మలుపులో తిప్పే ముందరే కొంచెం ఏక్సిలేటర్ ఇవ్వండి. పట్టుకుంటాది."

సాయంత్రం మోహన్‌కృష్ణకి అంతా చెప్పింది. కాగితం చూపించింది. అతను కాగితం తీసుకోలేదు. "గాసి దగ్గరికి నువ్వెళ్లావా? నేను చెప్పింది తప్పని వాడి ముందు తేల్చొచ్చావా?" అన్నాడు. తర్వాత, "రేపు దేవీప్రసాద్ గారు, వాళ్లావిడ వస్తున్నారు. వలిసె పూలు, కాఫీ తోటలు చూస్తారట. మనమే తీసుకెళ్లాలి," అన్నాడు. దేవీప్రసాద్ అతని పై అధికారి, జిల్లా ఆఫీసు నుంచి.

"జీపు మాట్లాడండి. ఈ బండితో కొండెక్కొద్దు. లేదా నేను నడుపుతాను."

"ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు నడుపుతావా?"

అదంతే. ఆదివారం పదకొండింటికి బయల్దేరారు. ముందు సీట్లో దేవీప్రసాద్, వెనక ఆయన భార్య, ప్రసన్న. డుంబ్రిగుడ దాకా రెండు వైపులా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. నాలుగుసార్లు ఆపి ఫొటోలు తీసుకున్నారు. కొండ మొదలయ్యే చోట ప్రసన్న ముందుకి వంగింది.

"ఏమండీ, ఇంజను వేడెక్కింది. మలుపులో పూర్తిగా తిప్పే ముందే కొంచెం ఏక్సిలేటర్ ఇవ్వండి. లేకపోతే ఆగుతుంది. ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, కంగారు పడొద్దు."

మోహన్‌కృష్ణ అద్దంలోంచి చూసి నవ్వాడు. "మా ఆవిడ ఈమధ్య మెకానిక్ అయిపోయింది సార్."

మొదటి మలుపు విశాలంగా ఉంది, దాటేసింది. రెండోది దాటుతుంటే మూలిగింది. మూడోది ఇరుకు, ఎత్తు. ఎడమ వైపు లోయలో సిల్వర్ ఓక్ చెట్ల తలలు కనిపిస్తున్నాయి. మోహన్‌కృష్ణ మొదటి గేరులో నెమ్మదిగా స్టీరింగ్ మొత్తం కుడికి తిప్పాడు. బండి మూలిగింది. వణికింది. ఆగిపోయింది.

పక్షి ఏదో కూయడం వినిపించింది. తర్వాత బండి వెనక్కి జారడం మొదలెట్టింది.

అతను స్టీరింగ్ రెండు చేతులా లాగుతున్నాడు, కదల్లేదు. బ్రేకు టపటపా కొడుతున్నాడు, అదీ గట్టిపడిపోయింది. ఎడమ కాలు మాత్రం నేలకంటా క్లచ్ మీదుంది. రెండు నెలలుగా భార్యకి చెప్పిన పాఠమే అతని కాల్లో ఉంది, పూర్తిగా తొక్కు, పూర్తిగా తొక్కు. దేవీప్రసాద్ గారి భార్య ప్రసన్న చెయ్యి పట్టేసుకుంది.

"క్లచ్ వదలండి," అంది ప్రసన్న.

అతను ఇంకా గట్టిగా తొక్కాడు.

"క్లచ్ వదలండి. గేరులో ఉంది, ఇంజనే చక్రాన్ని పట్టుకుంటుంది."

బండి జారుతూనే ఉంది. పక్కన సిల్వర్ ఓక్ తలలు ముందుకి నడుస్తున్నాయి.

"క్లచ్ వదలండి."

గొంతు పెంచలేదు. పాప పాల గ్లాసు ఒలకబోయబోతుంటే చెప్పే గొంతే అది. అతని ఎడమ మోకాలు పైకి లేవడం వెనక నుంచి ఆమెకి కనిపించింది. బండి ఒక్క కుదుపు కుదిపి, మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"హ్యాండ్‌బ్రేకు వెయ్యండి," అంది. వేశాడు.

ముందుగా తేరుకున్నది దేవీప్రసాద్. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, అధికారులు సిబ్బందితో నవ్వే నవ్వొకటి నవ్వి, "ఏం మోహన్‌కృష్ణా, క్లచ్ సరిగా తొక్కలేదేమోనయ్యా?" అన్నాడు.

మోహన్‌కృష్ణ చెవులు ఎర్రబడటం ప్రసన్న చూసింది. మెడ వెనక, కాలరు పైన, చెమట. ఆ మాట ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అన్నవాడి నవ్వు, చుట్టూ ఉన్నవాళ్ల నమ్మకం, నోరు తెరిస్తే సాకు చెప్పినట్టు ఉండటం, అన్నీ తెలుసు. ఊరుకుంటే చాలు. ఏమీ అనక్కర్లేదు. కిటికీలోంచి కాఫీ మొక్కలు చూస్తూ కూర్చుంటే చాలు, రెండు నెలలకి సరిపడా జవాబు అయిపోతుంది. ఒక్క క్షణం అలా కూర్చోవాలనే అనిపించింది. కానీ అప్పుడు మూడో గడిలో అబద్ధం ఉంటుంది. ఎవరి పేరున రాసినా అబద్ధం అబద్ధమే.

"లేదండీ," అంది. "ఆయన క్లచ్ సరిగ్గానే తొక్కారు. స్టీరింగ్ పంపు పాడైంది. ఎవరు నడిపినా ఇక్కడ ఆగుతుంది. తప్పు బండిది."

మోహన్‌కృష్ణ తల తిప్పి ఆమెని చూశాడు. అద్దంలోంచి కాదు, వెనక్కి తిరిగి.

"మీరిద్దరూ కాస్త దిగి కొండ వైపు నిలబడండి," అని దేవీప్రసాద్ దంపతులకి చెప్పింది. భర్తతో, "వెనక టైరుకి రాయి పెట్టండి. పెద్దది," అంది. ఇస్త్రీ చొక్కా పొట్టకి ఆనించుకుని అతను రాయి మోసుకొచ్చాడు. ప్రసన్న బండి చుట్టూ తిరిగొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు ముందుకి జరుపుకుంది, అద్దం దించుకుంది. ఇంజను స్టార్ట్ చేసి, ముందే కొంచెం ఏక్సిలేటర్ ఇచ్చి, స్టీరింగ్ తిప్పింది. బండి మూలిగింది. ఆగలేదు. మలుపు పైన నిలిపి వాళ్లు నడిచి వచ్చేదాకా చూసింది. ఆ పైన ఎవరూ ఏమీ అనకుండానే, మిగతా దారంతా ఆమే నడిపింది.

పైన కృపావతి కళ్లంలో ఎర్రటి కాఫీ పళ్లు పోయిస్తోంది. చేతులు కడుక్కుని ఎదురొచ్చి, "ఏటి ప్రసన్న గారూ, రేపు చెప్తానన్నారు, ఈవేళే వచ్చేసేరు?" అంది.

"రేపటిదాకా ఎందుకండీ," అంది ప్రసన్న. "ఒకటో తారీఖు నుంచి వస్తున్నాను." పక్కన భర్త ఉన్నాడు, అతని పై అధికారి ఉన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. చూడాలని తోచలేదు కూడా.

"వంట?" అంది కృపావతి, కొంటెగా మోహన్‌కృష్ణ కేసి చూస్తూ.

"మాడితే వాసన పట్టడం వాళ్లకీ వస్తుంది, నెమ్మదిగా."

ఇంటికొచ్చాక, చెప్పులు విప్పుతూ మోహన్‌కృష్ణ అన్నాడు: "అందరి ముందూ క్లచ్ వదలండి, క్లచ్ వదలండి అని అరిచావు."

"అరవలేదు. మూడుసార్లు చెప్పాను. మొదటిసారికే వదిలుంటే మిగతా రెండూ ఉండేవి కావు." తన చెప్పులు కూడా విప్పి, "గాసికి ఫోన్ చెయ్యండి, పంపు తెప్పించమని. మీరు చెయ్యకపోతే నేను చేస్తాను. అప్పుడు మీ పేరు మీదున్న బండిని మీరు లేకుండా బాగుచేశారన్న మాట వస్తుంది," అంది.

అతను ఫోన్ చేశాడు. గాసి గట్టిగా మాట్లాడే మనిషి కాబట్టి అవతలి మాట హాల్లోకి కూడా వినిపించింది. "మేడమ్ రాసిన కాయితం ఉంటే పంపండి సార్, ఫొటో తీసుకుంటాను. మిగతా జీపులోళ్లకి సూపించాలి." రత్నాలు తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒకటో తారీఖున మంచు గేటు దాకా దిగింది. ప్రసన్న ముగ్గు వేసి లోపలికొచ్చింది. మూడు రోజులుగా ముగ్గు మీద ఎర్ర చుక్క లేదు. డబ్బా సర్దుకుంది, పాపకి జడ వేసింది. మోహన్‌కృష్ణ బల్ల దగ్గర కూర్చుని కంచం కోసం చూస్తున్నాడు.

"పెసరపిండి గిన్నెలో ఉంది, పెనం పొయ్యి మీదుంది," అంది. "ఉల్లిపాయ వేసుకోవాలో వద్దో మీరే చూసుకోండి. ఆఫీసుకి నడిచినా అరగంట పట్టదు, దారి తిన్నగానే ఉంటుంది."

కంచం ఉండాల్సిన చోట కాగితం పెట్టింది. పాత నెల కాగితం వెనక మూడు గడులు. పైన వరసలన్నిటికీ అనుమితి నింపేసింది, పంపు, మసి. అట్టడుగున కొత్త వరస రాసింది. ప్రయోగం: మూడో మలుపు, బండి ఆయన చేతిలో. పరిశీలన: మూలిగింది, ఆగింది, క్లచ్ సరిగ్గానే తొక్కారు. మూడో గడి ఖాళీ. దాని మీద పెన్ను పెట్టింది.

"ఇదేంటి?"

"అది మీరు రాయాలి."

బయట రత్నాలు అప్పటికే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది, ఒళ్లో సంచితో. ఆ రోజు డుంబ్రిగుడ సంత. "అక్కడ దిగిపోతాను, జీపులో వత్తాను. అరిటిపువ్వు మాత్రం కొననే గుంటా, భయపడకు," అంది. పాప వెనక కూర్చుంది. ప్రసన్న ఇంజను స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా ఆగి, గేటు దగ్గర స్టీరింగ్ మొత్తం తిప్పింది. ఒక్క చేత్తో తిరిగింది. మూలుగు లేదు.

వంటింటి కిటికీలోంచి, కాగితం మీదికి వంగిన మోహన్‌కృష్ణ తల కనిపిస్తోంది. పెన్ను చేతిలో ఉంది.

"ఆడు ఏటి రాత్తాడో సూడవా?" అంది రత్నాలు మెడ సాచి.

"సాయంత్రం చూస్తాను అత్తయ్యా," అంది ప్రసన్న, బండి రోడ్డెక్కిస్తూ. "తప్పు రాస్తే చింపి మళ్లీ రాయిస్తాను."